పెద్దాయన రేడియో విప్పించాలా, వద్దా?

ఈ వారం ఉత్తరం టెక్సాస్ నుంచి వచ్చింది. రాసినాయన వయసు 44. అమరిల్లోకి పడమట, ఇంటర్‌స్టేట్ 40 పక్కన ఒక చిన్న ఊళ్ళో గ్యాస్ స్టేషన్, దాన్ని ఆనుకుని స్టోరు నడుపుతున్నారు. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఉత్తరం పెద్దది. ముఖ్యమైన సంగతులు ఇవి.

పద్నాలుగేళ్ళ కిందట ఆ ఊరు వచ్చినప్పుడు వాళ్ళకి ఎవరూ తెలియదట. మొదటి చలికాలంలోనే మంచు తుఫాను వచ్చి స్టోరు తలుపు మూసుకుపోతే, ఎవరూ పిలవకుండానే పార పట్టుకొచ్చి దారి తీసింది ఒక రిటైర్డ్ ట్రక్ డ్రైవరు. ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే కాఫీకి వచ్చేవారు. ఉత్తరంలో ఆయన్ని అంతటా ‘పెద్దాయన’ అనే రాశారు. పెద్దాయన పోయినేడాది కాలం చేశారు. వాళ్ళమ్మాయి ఇల్లు అమ్మేస్తూ, నాన్న మీకిమ్మన్నారని ఆయన 1974 నాటి ఫోర్డ్ పికప్ తాళాలు ఇచ్చి వెళ్ళింది. అందులో డ్యాష్ కింద ఒక సీబీ రేడియో (సిటిజన్స్ బ్యాండ్, అంటే మామూలు జనం, ట్రక్కులవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో) ఉంది. 23 ఛానళ్ళది. రేడియో కింది రేకు మీద పెద్దాయన చేత్తో అంటించిన కాగితం ముక్క, దాని మీద 9, 14, 19 అని మూడు అంకెలు, 14 చుట్టూ సున్నా.

పెద్దాయన స్నేహితులు అయిదారుగురు ఆదివారం సాయంత్రాలు 27వ ఛానల్ మీద కబుర్లు చెప్పుకుంటారట. పెద్దాయన ఇంట్లో ఉన్న వేరే రేడియోతో వాళ్ళతో మాట్లాడేవారు. ఆ రేడియో ఇంటి సామానుతో పాటు అమ్ముడుపోయింది. పికప్‌లో ఉన్న సెట్టుకి 23 దాటి ఛానళ్ళు లేవు. ఊరి బయట రేడియోలు రిపేరు చేసే ఒకతను 180 డాలర్లిస్తే దీన్ని ‘ఓపెన్’ చేసి 40 ఛానళ్ళు, వాటికి పైనా కిందా ఇంకొన్ని తెప్పిస్తానని, పవర్ కూడా పెంచుతానని అన్నాడట. ఉత్తరం రాసినాయన భార్యేమో, ఆ వెనక ఉన్న పొడుగు యాంటెన్నా వల్ల బండి గ్యారేజీలో పట్టడం లేదు, అసలు పాత సామాను మనకెందుకు అంటున్నారు. 17 ఏళ్ళ కొడుకు ఈ మధ్యే డ్రైవింగ్ మొదలుపెట్టాడు. ఫోన్ సిగ్నల్ అందని రోడ్ల మీద వాడితో మాట్లాడ్డానికి రేడియో పనికొస్తుందని తండ్రి ఆశ. వీటన్నిటి మధ్య ఇంకో టెన్షన్: సిటిజన్‌షిప్‌కి అప్లై చేసి ఉన్నారు, ఇందులో చట్టానికి విరుద్ధం ఏమైనా ఉంటే ఇప్పుడే తగులుకుంటుందేమోనని. చివర్లో ఒక వాక్యం రాశారు: “దాన్ని విప్పిస్తే పెద్దాయన్ని విప్పించినట్టు ఉంటుందండీ, విప్పించకపోతే ఆయన మనుషులకి దూరమైపోతున్నాను.”

ఇక నా సమాధానం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు మూడు అవసరాలున్నాయి. ఆదివారం గొంతులు కావాలి. అబ్బాయి క్షేమంగా ఇంటికి చేరాలి. పెద్దాయన వస్తువు చెడకూడదు. ఈ మూడింటినీ ఆ ఒక్క పాత డబ్బా నెత్తిన పెట్టారు, అందుకే ఎటూ తేలడం లేదు. విడదీసి చూస్తే ఒక్కొక్కదానికీ దారి ఉంది.

ముందు ఆదివారం సంగతి. ఎవరి చేతికీ స్క్రూడ్రైవర్ ఇవ్వకముందు ఆ స్నేహితుల్లో ఒకరిని ఒక్క మాట అడగండి: మీరు మాట్లాడేది ఏఎమ్‌లోనా, సైడ్‌బ్యాండ్‌లోనా, ఎఫ్ఎమ్‌లోనా? ఇవి గొంతుని రేడియో తరంగం మీదకి ఎక్కించే మూడు పద్ధతులు. మీ పికప్‌లో ఉన్నది, మీరు రాసిన వివరాలను బట్టి, ఏఎమ్ ఒక్కటే ఉన్న సెట్టు. సైడ్‌బ్యాండ్‌లో మాట్లాడేవాళ్ళ గొంతు ఏఎమ్ సెట్టులో బాతు అరిచినట్టు వినిపిస్తుంది, మాట ఒక్కటీ తెలియదు. 2021లో అమెరికాలో రేడియోలని నియంత్రించే సంస్థ ఎఫ్‌సీసీ సీబీలో ఎఫ్ఎమ్‌ని కూడా అనుమతించింది, కొత్త సెట్లు కొన్నింటిలో అదీ ఉంది. వాళ్ళు ఏఎమ్‌లో లేకపోతే మీరు ఆ సెట్టుకి వంద ఛానళ్ళు తెప్పించినా లాభం లేదు. ఏఎమ్‌లోనే ఉంటే, ఇంకో మాట కూడా అడగొచ్చు, దాని గురించి చివర్లో చెప్తాను.

ఇప్పుడు సెట్టు లోపల ఏముందో చెప్తాను. ఇది తెలిస్తే ఆ రిపేరు మనిషి మాట ఎంతవరకు నమ్మాలో మీకే అర్థమవుతుంది.

ఆ కాలపు 23 ఛానళ్ళ సెట్లలో ఎక్కువ వాటికి లోపల క్రిస్టళ్ళు ఉంటాయి. వేలిగోరంత రేకు డబ్బాలు, ఒక్కోటీ ఒక ఫ్రీక్వెన్సీని పుట్టిస్తుంది, ఆ అంకె పైన చెక్కి ఉంటుంది. మామూలుగా పద్నాలుగు. ఆరు క్రిస్టళ్ళు 37.600 మెగాహెర్ట్జ్ నుంచి 37.850 వరకు. ఇంకో నాలుగు 10.6 దరిదాపుల్లో, మాట పంపడానికి. మరో నాలుగు 10.1 దరిదాపుల్లో, వినడానికి. మీరు ఛానల్ మీట తిప్పినప్పుడల్లా ఆ ఆరింట్లో ఒకటి, నాలుగింట్లో ఒకటి జత కలుస్తాయి. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తే మీ ఛానల్. 37.600లోంచి 10.635 తీసేయండి, 26.965 వస్తుంది. అదే ఒకటో ఛానల్.

ఆరు నాలుగులు ఇరవై నాలుగు. ఛానళ్ళేమో ఇరవై మూడు. మిగిలిన ఆ ఒక్క జత 27.235. చాలా సెట్లలో 22కీ 23కీ మధ్య మీట ఒక ఖాళీ గడిలో ఆగుతుంది, చూడండి. ఆ చోటు దానిదే. తర్వాతి కాలంలో అదే 24వ ఛానల్ అయింది. అందుకే ఛానళ్ళ పట్టికలో 23 కన్నా 24, 25ల ఫ్రీక్వెన్సీ తక్కువ ఉంటుంది. వరస తప్పినట్టు కనిపిస్తుంది కానీ తప్పు కాదు, పాత సెట్ల కోసం 23ని ఉన్నచోటే ఉంచి కొత్త అంకెలని ఖాళీల్లో సర్దారు.

మీకు కావలసిన 27వ ఛానల్ 27.275. దానికి 37.900 క్రిస్టల్ ఒకటి అదనంగా వెయ్యాలి. అది వేస్తే 26, 27, 28, 30 వస్తాయి. 29 రాదు. ఇంకా పైకి 37.950, 38.000 కూడా వేసి, ఆ ఖాళీ గడిని కూడా కలిపినా లెక్క 36 దగ్గర ఆగిపోతుంది. 25, 29, 34, 39 దొరకవు, వాటికి 10 మెగాహెర్ట్జ్ వైపు కూడా రెండు క్రిస్టళ్ళు కొత్తవి కావాలి. మీటకి ఉన్నవేమో 24 గడులే. కాబట్టి పక్కన ఇంకో స్విచ్చో, పైరేకుకి రంధ్రమో తప్పదు. లేదంటే ఆ పద్నాలుగు క్రిస్టళ్ళూ పీకేసి కొత్త బోర్డు కూర్చోబెట్టడం. ‘ఓపెన్ చేస్తా’ అన్న మాట వెనక ఇంత కోత ఉంది. అతన్ని ఒక్క ప్రశ్న వెయ్యండి, ఏ క్రిస్టళ్ళు వేస్తావు, మీట ఏం చేస్తావు అని. పని తెలిసినవాడైతే కాగితం తీసుకుని లెక్క వేసి చూపిస్తాడు. 

చట్టం సంగతి సూటిగా చెప్తాను. 1977 జనవరి 1 నుంచి అమెరికాలో సీబీకి 40 ఛానళ్ళు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి, అంటే 1978 జనవరి 1 నుంచి, కొత్త 23 ఛానళ్ళ సెట్లు అమ్మకూడదన్నారు. అప్పటికే కొన్నవాళ్ళు వాడుకోవడానికి మాత్రం అడ్డు లేదు. కాబట్టి పెద్దాయన సెట్టు ఉన్నది ఉన్నట్టుగా వాడితే మీ మీద ఏ తప్పూ లేదు. సీబీకి 1983 నుంచి లైసెన్సు కూడా అక్కర్లేదు. కానీ సర్టిఫై అయిన సెట్టుని లోపల మార్చడం, మార్పించడం ఎఫ్‌సీసీ నిబంధనల పార్ట్ 95 ప్రకారం నిషిద్ధం. మార్చిన మరుక్షణం దాన్ని వాడే హక్కు పోతుంది. ఈ పట్టింపుకి కారణం ఉంది. 27 మెగాహెర్ట్జ్‌కి రెట్టింపు 54. అమెరికాలో టీవీ రెండో ఛానల్ మొదలయ్యేది అక్కడే. పాత సెట్లు ఆ రెట్టింపు చెత్తని గట్టిగా అణచలేవు, పక్కింటి టీవీలో గీతలు పడేవి. 40 ఛానళ్ళ సెట్లకి అందుకే ఇంకా కఠినమైన కొలత పెట్టారు. పాత సెట్టుకి ఛానళ్ళు పెంచితే ఆ కొలత దానంతటదే రాదు.

40 ఛానళ్ళకి పైనా కిందా తెరవడం, పవర్ పెంచడం గురించి అయితే వాదనే లేదు. ఏఎమ్‌లో 4 వాట్లు హద్దు. బయట బూస్టర్ తగిలించడం కూడా తప్పే. మీ ఊరికి ఎఫ్‌సీసీ మనిషి వచ్చి పికప్ కింద తొంగి చూస్తాడని నేను చెప్పను. ఎవరైనా ఫిర్యాదు చేస్తే తప్ప చాలామందికి ఏమీ కాదు. అయితే అయినప్పుడు నోటీసు, ఆ పైన జరిమానా. మీ సిటిజన్‌షిప్ ఫైలు మీద దాని ప్రభావం ఏమిటన్నది ఇమిగ్రేషన్ లాయరు చెప్పాల్సిన మాట, నేను చెప్పేది కాదు. ఒక్కటి మాత్రం అనగలను. ఇంటర్వ్యూ గదిలో కూర్చుని వివరించాల్సిన పని ఏదైనా 180 డాలర్లకి ఖరీదైనదే.

ఇంత చెప్పాక కూడా, మీ సెట్టు, మీ ఇష్టం. నేను వద్దంటున్న కారణం మాత్రం చట్టం ఒక్కటే కాదు.

1986లో నేను పాలిటెక్నిక్ చదువుతున్నాను. తెనాలిలో మా నాన్నగారికి వాల్వ్ రేడియో ఉండేది. ఆయన పెళ్ళినాటిది. వేడెక్కడానికి నిమిషం పట్టేది, మధ్య మధ్యలో గరగరలాడేది. సెలవల్లో ఆయన ఊళ్ళో లేనప్పుడు దాని లోపలిదంతా పీకేసి ట్రాన్సిస్టర్ బోర్డు పెట్టాను. ఎంత బాగా పాడిందో! మీట తిప్పగానే పలికేది. నాన్నగారు వచ్చి విన్నారు, బాగుందిరా అన్నారు. ఆ తర్వాత మాత్రం సాయంత్రం పూట కుర్చీ దాని పక్కన వేసుకోవడం మానేశారు. వరండాలో వేసుకునేవారు. నన్ను ఒక్క మాట అనలేదు. పీకిన వాల్వులు అప్పటికే పాత సామాన్లవాడికి వేసేశాను. తిరిగి పెట్టడానికి ఏమీ మిగల్లేదు. మీ ఉత్తరంలో ఆ చివరి వాక్యం చదవగానే నాకు ఆ వరండా కుర్చీ కళ్ళముందు కదిలింది.

ఇప్పుడు దారులు చూద్దాం.

మొదటిది, సెట్టుని మార్చకుండా బాగు చేయించడం. యాభై ఏళ్ళ సెట్టులో ముందు పోయేవి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. హమ్ వస్తుంది, గొంతు బొంగురుపోతుంది, ఒక్కోసారి ఉబ్బి కారుతాయి. అవి అదే విలువలో కొత్తవి వేయడం రిపేరే, మార్పు కాదు. ఛానల్ మీట కాంటాక్టులకి పాచి పట్టి ఉంటుంది, క్లీనర్ కొట్టి ముప్ఫై నలభై సార్లు అటూ ఇటూ తిప్పితే చచ్చిపోయాయనుకున్న ఛానళ్ళు తిరిగి పలుకుతాయి. లోపల మైనం పూసిన చిన్న చిన్న మరలు కనిపిస్తాయి. వాటిని ముట్టుకోనివ్వకండి, ట్యూనింగ్ అంతా వాటిలోనే ఉంది. ఈ దారిలో 27 రాదు, కానీ 9, 19 మీకు ఇప్పటికే ఉన్నాయి. అత్యవసరానికి 9, ట్రక్కులవాళ్ళకి 19. ఇంటర్‌స్టేట్ మీద ముందు యాక్సిడెంట్ అయిందా, మంచు గడ్డకట్టిందా అన్నది తెలిసేది 19 మీదే. 

రెండోది, దీని పక్కన కొత్త 40 ఛానళ్ళ సెట్టు పెట్టుకోవడం. వంద డాలర్ల లోపే మామూలువి దొరుకుతాయి. మీటలూ అంకెలూ అన్నీ మైకులోనే ఉండే రకం తీసుకుంటే, పెట్టె సీటు వెనక దాచెయ్యొచ్చు, పెద్దాయన సెట్టు ముందు ఉన్నట్టే ఉంటుంది. ఆదివారం బృందం సైడ్‌బ్యాండ్‌లో ఉంటే ఆ వసతి ఉన్నది కొనాలి, ధర కాస్త ఎక్కువ.

ఇక్కడే యాంటెన్నా గురించి గట్టిగా చెప్పాలి. మీరు ‘వెనక బంపరు మీద స్టీలు బెత్తం’ అన్నది 102 అంగుళాల విప్ అయి ఉండాలి, అంటే ఎనిమిదిన్నర అడుగులు. 27 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు, అందులో నాలుగో వంతు దాదాపు తొమ్మిది అడుగులు, కింద స్ప్రింగుతో కలిపి సరిగ్గా అక్కడికి చేరుతుంది. బండి మీద సీబీకి ఇంతకన్నా మంచి యాంటెన్నా లేదు. మీ పికప్‌లో అన్నిటికన్నా విలువైన రేడియో సామాను అదే. మీ ఆవిడకి గ్యారేజీ బాధ నిజమే, దానికి మందు సులువు: కొసని వంచి ముందువైపు కొక్కేనికి తగిలించే క్లిప్పు దొరుకుతుంది. అలా వంచి కట్టి ఉన్నప్పుడు మాత్రం మాట్లాడకండి.

ఏ సెట్టు వాడినా ఎస్‌డబ్ల్యూఆర్ చూడనిదే మాట్లాడటం మొదలుపెట్టకండి. రేడియో పంపిన పవర్లో యాంటెన్నా ఎంత వెనక్కి తోస్తోందో చెప్పే అంకె అది. మీటరు పాతిక ముప్ఫై డాలర్లు. 1.5 లోపు ఉంటే హాయి. 2 వరకు పర్వాలేదు. 3 దాటితే ఆగిపోవాలి, లోపలి ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు. ఒకటో ఛానల్లో, మధ్యలో, చివర్లో చూడండి. కింద ఛానళ్ళలో ఎక్కువుంటే యాంటెన్నా పొట్టిదైనట్టు, పైన ఎక్కువుంటే పొడుగైనట్టు. పాత బండి కదా, అంకె చెడ్డగా వస్తే యాంటెన్నాని నరకొద్దు, ముందు అది బిగించిన చోట తుప్పు గీకండి. నేను చూసిన పాత బండ్లలో చాలావాటికి జబ్బు అక్కడే ఉండేది. రెండు సెట్లకి ఒకే యాంటెన్నా వాడాలంటే మధ్యలో స్విచ్ పెట్టుకోవచ్చు, కానీ స్విచ్ ఒక వైపు ఉండగా రెండో సెట్టు మైకు నొక్కితే ఆ సెట్టు పోవచ్చు. ఒకటి ఆన్‌లో ఉన్నప్పుడు రెండోది కట్టేసి ఉండేట్టు అలవాటు చేసుకోండి. ఇంట్లో పిల్లాడు కూడా వాడతాడు కాబట్టి మరీ.

అబ్బాయి విషయానికి వద్దాం. సీబీ మీద బండి నుంచి బండికి కొన్ని మైళ్ళు, మీ ప్యాన్‌హ్యాండిల్ చదును నేల మీద ఇంకొంచెం. పైగా సూర్యుడి మచ్చలు ఎక్కువున్న ఏళ్ళలో ఎక్కడో వెయ్యి మైళ్ళ అవతలి గొంతులు వచ్చి మీద పడతాయి, పక్క ఊరి కొడుకు మాట వినిపించదు. ఇంట్లోవాళ్ళు మాట్లాడుకోవడానికి నేనైతే జీఎమ్‌ఆర్‌ఎస్ (జనరల్ మొబైల్ రేడియో సర్వీస్) అనే వేరే రకం రేడియో చూడమంటాను. పరీక్ష లేదు, 35 డాలర్లు కడితే పదేళ్ళ లైసెన్సు, సిటిజన్ కానక్కర్లేదు. మీ పేరున తీసుకుంటే మీ ఆవిడ, అబ్బాయి, మీ అత్తమామలు కూడా అదే కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు) మీద మాట్లాడొచ్చు. దగ్గర్లో రిపీటర్, అంటే మాటని అందుకుని తిరిగి పంపే స్టేషన్, ఉంటే పదుల మైళ్ళు అందుతుంది. అయితే అది కూడా ఎదురుగా గుట్ట అడ్డొస్తే ఆగిపోతుంది, పాలో డ్యూరో కాన్యన్ అడుగున దాని మీద ఆశ పెట్టుకోకండి. అలాంటి చోటికి వెళ్ళినప్పుడు ఎన్నింటికి తిరిగొస్తాడో చెప్పి వెళ్ళడం, ఆ టైముకి రాకపోతే మీరు ఏం చేస్తారో ముందే అనుకోవడం, ఈ రెండూ ఏ రేడియో కన్నా ముఖ్యం. మీ అబ్బాయి దీన్ని పట్టించుకుంటాడా లేదా అన్నది వేరే సంగతి. ఆ యాంటెన్నా తుప్పు గీకే పని, మీటరు చూసి అంకె రాసే పని వాడికి ఇచ్చి చూడండి. 

మూడో దారి ఒకటుంది, మీరు అడగనిది. ఆ కాగితం ముక్క.

9, 19 ఎందుకు రాశారో తెలుస్తూనే ఉంది. 14 చుట్టూ సున్నా ఎందుకు చుట్టారు? 14 ఈ సెట్టులో ఉంది. నా ఊహ తప్పు కావచ్చు. కానీ ఆ స్నేహితులంతా ఒకప్పుడు 23 ఛానళ్ళ సెట్లతోనే తిరిగిన వయసు వాళ్ళు. 27కి వెళ్ళకముందు వాళ్ళు కలుసుకున్న చోటు ఏదో ఒకటి ఉండి తీరాలి. ఏఎమ్‌లోనే మాట్లాడుకుంటున్నారని తేలితే, వాళ్ళలో ఒకరికి ఫోన్ చేసి 14 ఏమిటని అడగండి. మీ దగ్గర ఉన్నది పెద్దాయన బండి సెట్టేనని, అది 23 దాటదని కూడా చెప్పండి. అయిదారుగురు మనుషులు మీట ఒక్కసారి తిప్పుకోవడం, మీరు పద్నాలుగు క్రిస్టళ్ళ సెట్టు కోయించడం కన్నా తేలిక. ఒప్పుకోకపోతే రెండో దారి ఎలాగూ ఉంది.

ఫోన్ చెయ్యడానికి మొహమాటమైతే, స్టోరుకి కాఫీకి వచ్చినప్పుడు ఆ కాగితం ఫొటో చూపించండి చాలు.